ఘాటెక్కితే మరిగే బండి

బండి షెడ్డులో ఉన్నంతసేపు బుద్ధిగా ఉంటుంది. దాని అసలు గుణం రోడ్డెక్కాకే బయటపడుతుంది. ఈ పనిలోకి కొత్తగా దిగిన పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఇదే. వాళ్లు తలూపుతారు గానీ నమ్మరు. నేనూ ఈ పనిలో చాలాకాలం అలా తలూపినవాణ్ణే. ఒక తెల్ల టాక్సీ వచ్చి నాకు ఆ పాఠం నేర్పింది కాబట్టి, పని మానేసి ఇంట్లో కూర్చున్నాక ఇప్పుడు ఇంత ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.

తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన మాకొక షెడ్డు ఉండేది. మాకు అంటే నాకూ, ఒక ఎలక్ట్రీషియన్‌కూ. రేడియేటరు, ఏసీ, పొగగొట్టం, మొత్తంగా ఇంజిను వేడికి సంబంధించిన పనంతా నాది. వైర్లు, ఫ్యాన్లు, బ్యాటరీలు ఆయనవి. నేను చిత్తూరు నుంచి వచ్చిన సాయిబును. ఆయన ఐరాల పక్క రైతు ఇంటి మనిషి. పొద్దున్నే తన గోడమీది వెంకటేశ్వరస్వామి పటానికి ఆయన అగరొత్తి వెలిగించేదాకా నేను స్పానరు పట్టేవాణ్ణి కాదు. శుక్రవారం నేను నమాజు నుంచి వచ్చేదాకా ఆయన టీ తాగేవాడు కాదు. ఇందులో గొప్పేమీ లేదు. ఇద్దరికీ ఒంటరిగా టీ తాగడం చేతకాదు, అంతే.

మా వ్యాపారమంతా ఎండాకాలంలోనే. ఏప్రిల్ వస్తే కొండకు పోయే బండ్లన్నీ దగ్గుతూ, ఆవిర్లు కక్కుతూ మా దగ్గరికి వచ్చేవి. మరిగిన బండిని చూస్తే నాకు హుషారు వచ్చేది. వేడి చూపించే ముల్లు ఎక్కడ లేచింది, ఏసీ వేస్తే లేచిందా, ఆపితే దిగిందా అని నాలుగు మాటలు అడిగి, బానెట్ ఎత్తకముందే రోగం చెప్పేసేవాణ్ణి. పదిలో ఎనిమిది సార్లు నిజమయ్యేది. ఆ మిగిలిన రెండింటి గురించి మాత్రం మా ఎలక్ట్రీషియన్ వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేవాడు.

నేను చెప్పిన ఆ తెల్ల టాక్సీ నడిపే అతనిది భాకరాపేట అవతల ఒక పల్లె. తల్లి చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది. అతని మొదటి బండి ఒకసారి ఘాట్‌లో బ్రేకులు పట్టక గోడను గుద్దుకుని లోయ అంచున ఆగింది. ఒంటిమీద గీత పడకుండా బయటికొచ్చాడు. తర్వాత ఈ కొత్త బండి కొన్నప్పుడు ఆ అక్క మొక్కు తీర్చుకోవాలని ఇత్తడి ప్లేటు ఒకటి చేయించింది. మూడు నామాలు, అటూ ఇటూ శంఖుచక్రాలు. తాంబాళం కంటే పెద్దది. బండి ముందు భాగంలో, గ్రిల్లుకు నడిమధ్యన మరలతో బిగించుకున్నాడు. శనివారం శనివారం చింతపండుతో తోమేవాడు. ఎదురుగా వస్తుంటే దూరం నుంచే తళతళలాడేది.

అంతా బాగుందనుకునే లోపల ఆ అక్కకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు తిరుపతి తీసుకొచ్చి డయాలసిస్ చేయించాలి. పొద్దున ఘాట్ దిగేటప్పుడు బండికి ఏ రోగమూ లేదు. మధ్యాహ్నం తిరిగి ఎక్కేటప్పుడు, సరిగ్గా ఆమె ఒంట్లో సత్తువ లేని వేళకు, మలుపుల్లో ముల్లు లేచి బండి మరిగేది. ఎండాకాలం భాకరాపేట ఘాట్‌లో బండి ఆగితే చుట్టూ ఏముంటుంది? బండరాళ్లు, కోతులు, వడగాలి.

"ఏసీ ఆపితే ఎక్కుతాది బాయ్" అన్నాడు అతను మొదటిసారి వచ్చినప్పుడు. "ఏసీ ఆపితే అక్క తట్టుకోలేదు. నీల్లు తాగకూడదంట ఆయమ్మ. రోజుకు ఇన్ని అని కొలిసి ఇచ్చినారు. ఎండకు నాలిక పీక్కపోతా ఉంటే నేను బండికి బిందె ఎత్తి పోస్తాండా, ఆయమ్మ అద్దంలో నుంచి సూస్తా కూసోనుంటాది."

ఏసీ చాలామందికి సుఖం. ఆమెకు మాత్రం అది తాగని నీళ్లకు బదులు.

పని మొదలుపెట్టాం. థర్మోస్టాట్ మార్చాను. రేడియేటరు దించి కడిగించాను. నీళ్ల పంపు చూశాను. ఎలక్ట్రీషియన్ ఫ్యాను మోటారు కొత్తది వేశాడు. ఇద్దరం కలిసి అదే ఘాట్‌కు, అదే ఎండలో, ఏసీ నిండుగా పెట్టి తిప్పిచూశాం. ఆయన వెనక సీట్లో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ "దీనికేం రోగమప్పా, నాకు సలి పుడతా ఉండాది" అన్నాడు. ముల్లు నడిమధ్య నుంచి కదల్లేదు. బండి అప్పగించాం. ఆ వారమే మళ్లీ మరిగింది.

ఇలా ఒకసారి కాదు. తెచ్చిన ప్రతిసారీ మేం ఏదో ఒకటి విప్పడం, ఘాట్ ఎక్కించి చూడటం, బ్రహ్మాండంగా ఉందని ఇవ్వడం. అతను తీసుకెళ్లడం, అది మరగడం. మాకంటే ముందు వేరే చోట్ల ఇంజిను లోపలి హెడ్డు గాస్కెట్ దాకా విప్పారట. వాళ్ల దగ్గరా ఇదే కథ. "బండి మంచిదే, ఆయప్ప నడిపేదే మంచిగా లేదు" అని మా ఎలక్ట్రీషియన్ తీర్పు చెప్పేశాడు. టాక్సీ అతనేమో దిష్టి అనుకుని నిమ్మకాయలు కట్టాడు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. బండి షెడ్డులోకి రాగానే అతను చేసే మొదటి పని, చెప్పులు విడిచి, ఆ ప్లేటు మరలు తన చేత్తోనే తీసి, పసుపు గుడ్డలో చుట్టి, ఎలక్ట్రీషియన్ పటం కింద ఉన్న చెక్క అర మీద పెట్టడం. మా గ్రీజు చేతులూ, కిందపడిన ఆయిలూ స్వామికి తగలకూడదని. అది నాకూ మంచిదే అనిపించింది. నేను ఆ ప్లేటును ఎప్పుడూ తాకలేదు. అంతా అయ్యాక, ఘాట్‌లో తిప్పిచూసి బండి అప్పగించాక, అతను కాళ్లూ చేతులూ కడుక్కుని మళ్లీ బిగించుకునేవాడు. మాకంటే ముందు చూసిన మెకానిక్కులూ అంతే. మర్యాద తెలిసిన మనుషులం మరి, ఒక్కరం కూడా ఆ మర్యాద తప్పలేదు.

ఒకసారి మా ఎలక్ట్రీషియన్, పాపం ఏ ఉద్దేశమూ లేకుండానే, "ఇంత పెద్దది ఏంటికప్పా, చిన్నది ఒగటి లోపల పెట్టుకోరాదా? ఊరికే మరలు తీసేది, బిగించేది" అన్నాడు. అతను తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"సామిని చిన్నది సేయమంటావా? ఆ పొద్దు నేను లోయలో పడకుండా ఎవురు అడ్డం నిలబడినారు? ఆయన నా ముందర ఉండాల. ఉంటేనే నేను స్టీరింగు పట్టుకునేది" అని లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మేమిద్దరం ఆ ప్లేటు ఊసు ఎత్తలేదు.

మే నెలలో ఒకరోజు టాక్సీ అతను ఫోను చేశాడు.

"అక్క ఇంగ రానంటాంది బాయ్. ఒగసారి మానేసింది కూడా. కాళ్లు వాసినాయి. రాత్రి ఊపిరి అందలేదు. ఎంత సెప్పినా ఇనేదిలే. ఆ ఘాట్‌లో సచ్చేదానికంటే ఇంట్లో సస్తా అంటాంది."

ఫోను పెట్టేసి చేతిలో ఉన్న రెంచిని గోడకేసి కొట్టాను. నాకు కోపం ఎక్కువ. ఆ రోజు కోపం ఎవరి మీదో నాకే తెలియలేదు. ఎలక్ట్రీషియన్ ఆ రెంచిని తీసి తుడిచి నా చేతికిస్తూ, "ఇన్నాళ్లూ నువ్వు బండిని తీసుకొనిపోయి సూసినావు. అది ఆళ్లను తీసుకొనిపోయేటప్పుడు సూళ్లేదు. ఆయమ్మ ఉండంగా, ఆళ్లతో పాటే నువ్వూ కూసోని పోరాదా?" అన్నాడు. ఇంత చిన్న మాట నాకు ఎందుకు తట్టలేదని ఇప్పటికీ అనుకుంటాను.

మళ్లీ ఫోను చేసి ఆమెను అడిగాను.

"చెల్లెమ్మా, ఒక్కసారి రా. తిరుపతిలో నేనూ బండి ఎక్కి మీ ఊరిదాకా వస్తా. దోవలో మరిగితే నన్ను దింపేసి కోతులకిచ్చి పోండి."

"కోతులు ఏం పాపం సేసినాయన్నా?" అంది. గొంతు నీరసంగా ఉన్నా మాటలో పదును ఉంది. మళ్లీ తనే, "సరే. ఇదే కడసారి. ఇంగ అడగొద్దండి" అంది.

ఆ రోజు ఆసుపత్రి వాకిట్లో ఆమెను మొదటిసారి చూశాను. పిట్టంత మనిషి. చేతికి దూది, ప్లాస్టరు. తలమీద తడిగుడ్డ. తమ్ముడు పట్టుకోబోతే చెయ్యి విదిలించి తనే వచ్చి వెనక సీట్లో కూర్చుంది. నేను ముందు కూర్చున్నాను. చంద్రగిరి దాటేదాకా నన్ను పిల్లాపాపల గురించి అడిగింది. మా ఆవిడ చేసే బిర్యానీలో ఉప్పు ఎంత వేస్తుందో కూడా అడిగి, "ఉప్పు మాట ఎత్తితేనే నోట్లో నీల్లూరతా ఉండాది. నాకు అదీ వద్దన్నారు ఈ డాక్టర్లు" అని నవ్వింది.

ఘాట్ మొదలైంది. నేను ముల్లు వైపే చూస్తున్నాను. ఒక మలుపు, ఇంకో మలుపు. ముందు లారీ ఒకటి పాకుతోంది, దాని వెనక మేము. ముల్లు లేవడం మొదలుపెట్టింది. ఏసీలోంచి వచ్చే గాలి చల్లదనం తగ్గి, గోరువెచ్చనైంది. వెనక ఆమె మాట ఆగిపోయింది. తిరిగి చూస్తే కళ్లు మూసుకుని పెదాలు నాలుకతో తడుపుకుంటోంది.

"రేయ్ నాయనా" అంది కళ్లు తెరవకుండానే. "సాలురా ఇంగ. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు ఇంట్లోనే ఉంటా. నా కోసరం నువ్వు ఈ దోవన ఇట్ల సావద్దు."

అతను అద్దంలో ఆమెను ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. ఎన్నో బండ్లు బాగుచేసిన చేతులు ఒళ్లో పెట్టుకుని దద్దమ్మలా కూర్చున్నాను.

ఒక మలుపు దగ్గర కాస్త నీడ చూసి ఆపాడు. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. అతను దిగి అలవాటుగా మొదట చేసిన పని ప్లేటు విప్పడమే. రేడియేటరు మూత తీస్తే వేడినీళ్లు చిమ్మి స్వామి మీద పడతాయని. ముట్టుకుంటే కాలుతోంది. తువ్వాలుతో పట్టుకుని తీసుకెళ్లి, కిటికీలోంచి అక్క ఒళ్లో పెట్టాడు. "పట్టుకో అక్కా, ఒగ నిమిషం."

నేను బండి ముందు నిలబడి ఉన్నాను. అంతవరకూ ప్లేటు ఉన్న ఆ బండి నా షెడ్డులోకి రావడం, పోవడం మాత్రమే చూశాను. మరిగిపోయిన బండి మూతికి ఆ ప్లేటు ఉండటం చూసింది అదే మొదలు. దాన్ని తీసేసరికి వెనక ఉన్న ఖాళీ అంతా ఒక్కసారిగా కనిపించింది. గాలి లోపలికి పోవలసిన దారి అదే. అక్కడ దూరిన గాలే మొదట ఏసీ జాలీని, దాని వెనక రేడియేటరును చల్లబరచాలి. చదునైన రోడ్డు మీద వేగంగా పోతుంటే కింది సందులోంచి దూరే గాలి సరిపోతుంది. ఎత్తు ఎక్కుతూ, నెమ్మదిగా, ఏసీ వేసుకుని పోయేటప్పుడు సరిపోదు. ఇన్నాళ్లూ మేమందరం గాలికి అడ్డం తీసేసి పరీక్ష చేసి, పాసయిందని చెప్పి, మళ్లీ అడ్డం పెట్టించి పంపుతున్నామన్నమాట. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది మా సంబడం.

పిల్లలూ, అందుకే ఒక బండిని పరీక్షించేటప్పుడు అది రోజూ ఎలా బతుకుతుందో అలాగే ఉంచి చూడండి. పైన సామాను వేసుకునేదైతే సామానుతోనే, అయిదుగురు ఎక్కేదైతే అయిదుగురితోనే. మర్నాడు ఈ సంగతి చెబితే మా ఎలక్ట్రీషియన్ తల పట్టుకుని, "రోగం మన అర మీదనే కూసోనుండిందే అప్పా!" అన్నాడు. స్వామిని రోగం అనొద్దురా అని నేనే గదమాయించాల్సి వచ్చింది. ఆ తర్వాత మా షెడ్డులో బండి మీదున్నది ఏదీ, పూలదండ అయినా సరే, తిప్పిచూసేదాకా తీయనిచ్చేవాళ్లం కాదు.

సరే, ఆ ఘాట్‌లోకి వస్తాను. చల్లారాక నీళ్లు పోశాం. అక్క పరిస్థితి చూసి అతను కంగారుగా, "ప్లేటు పైకి పోయినాక బిగించుకుందాం" అని బండి తీశాడు. ఏసీ వేశాడు. మిగతా ఎక్కుడంతా, ఆ ఘాట్‌లో అసలు కష్టమైన ఎక్కుడంతా, ముల్లు మధ్యలోనే నిలబడింది. గాలి చల్లగా తగులుతోంది. వెనక ఆమె తలమీది గుడ్డ తీసి మెడ తుడుచుకుంది.

"బాయ్ ఉండాడని బెదురుకున్నాది సూడు బండి" అన్నాడు అతను సంతోషంగా. నేను నవ్వలేకపోయాను.

భాకరాపేట చేరగానే రోడ్డు పక్కన ఆపి, "అక్కా, సామిని ఇయ్యి" అని చెయ్యి చాపాడు. అక్కడినుంచి వాళ్ల పల్లెకు ఇంకో మిట్ట ఎక్కాలి. ఆ తర్వాత ప్రతి వారం ఈ ఘాట్ ఉంది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఏమని చెప్పను? వాళ్ల దేవుణ్ణి తీసెయ్యమని ఈ సాయిబు చెప్పాడని అనుకుంటే? మా ఎలక్ట్రీషియన్ అంటేనే టీ వదిలేసి పోయిన మనిషి. నేనంటే బండినే కాదు, నన్నూ వదిలేస్తాడు. ఆమె వైద్యం నా నోటి మీద ఆగిపోతుంది. కొన్ని మాటలు నిజమే అయినా అందరి నోటా ఒకేలా వినిపించవు.

ఆమె ప్లేటు ఇవ్వలేదు. రెండు చేతులా ఒళ్లోకి దగ్గరగా లాక్కుంది.

"యాడికి తీసేది? సామి నా ఒళ్లోకొచ్చినాకనే కదరా బండి కదిలింది. సూళ్లేదా నువ్వు? ఎండలో ముందర నిలబడి నిలబడి ఆయనకూ ఇసుగు పుట్టింటాది. ఇంగమీదట నాతో లోపలే వస్తాడు."

"ముందర లేకుంటే నన్ను ఎవురు నడిపిస్తారక్కా?"

"యెనక కూసోని నడిపించలేడా? నిన్ను నేను ఇన్నాళ్లూ యెనక కూసోనే కదా నడిపించింది!"

అతను కిటికీలోంచి వంగి ప్లేటుకు దండం పెట్టి, కళ్లకద్దుకుని, వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మిట్ట ఎక్కాం. ముల్లు కదల్లేదు.

వాళ్ల ఇంటి ముందు పంచలో నులకమంచం వేశారు. ఆమె దానిమీద ఒరిగి, "అన్నకు మజ్జిగ కలిపి తీసుకొని రారా" అని తమ్ముణ్ణి లోపలికి పంపింది. అతను వంటింట్లోకి పోయాడని తేల్చుకున్నాక నా వైపు తిరిగింది.

"పొయ్యి నోటికి సేట అడ్డం పెడితే మంట ఆడతాదా అన్నా?"

నేను మంచం దగ్గరికి జరిగాను.

"నీకెప్పుడు తెలిసింది చెల్లెమ్మా?"

"ఒళ్లో పెట్టినప్పుడే. పెనం మాదిరి కాలతా ఉండాది. బతుకంతా కట్టెల పొయ్యి కాడ ఊదినదాన్ని, ఆ మాత్రం తెలీదా? నీ మొగం సూసినా. నీకూ తెలిసిపోయినాదని కనపడినాది. పాపం, నోట్లో వేడి గెణుసుగడ్డ పెట్టుకున్నట్టు మింగలేక కక్కలేక అల్లాడిపోతివి." నవ్వి, అలసటగా ఊపిరి తీసుకుంది. "నువ్వు సెప్పుంటే వాడు మళ్లా నీ కాడికి రాడు. ఉండేది ఉన్నట్టు నేను సెప్తే, అక్క మొక్కు అక్క మీదికే వచ్చెనే, నేనే బిగిస్తినే అని బతికినన్నాళ్లూ ఏడస్తాడు. సామి మీదికి తోస్తే ఆయనేం అనుకోడు. మోసేవాడు కదా."

ఆమెకు దండం పెట్టాను. వయసులో నాకంటే చిన్నది. అయినా పెట్టాలనిపించింది, పెట్టాను. ఆమె సిగ్గుపడి మొహం అటు తిప్పుకుంది.

తమ్ముడు మజ్జిగ తెచ్చాడు. నాకు పెద్ద గ్లాసు. ఆమెకు చిన్న గిన్నెలో రెండు గుక్కలు. ఆమె ఒక గుక్క తాగి, రెండోది నోట్లోనే ఉంచుకుని, చాలాసేపటికి మింగింది. తర్వాత తమ్ముడి వైపు చూసింది.

"రేయ్, మళ్లా బుధవారమే కదా పోవాల్సింది?"

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక గుమ్మం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు.

"అవునక్కా" అన్నాడు.

"ఎండ రాకముందే బయల్దేరాల. నన్ను తొందరగా లేపు" అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.